సైన్సు గది పక్క గది

నాకు పద్నాలుగో ఏడు నడుస్తుండగా కింది పెదవికి కాస్త దిగువన తెల్లని మచ్చ ఒకటి కనిపించింది. సున్నం అంటుకుందనుకుని మా అమ్మ కొంగు తడిపి తుడిచింది. అది పోలేదు. ఏడాది తిరిగేసరికి రెండు చేతుల వేళ్ళూ మణికట్ల దాకా తెల్లబడ్డాయి. మా అమ్మ నన్ను చూపించని వైద్యుడు లేడు. ఒకాయన బావంచాల నూనె రాసుకుని ఎండలో కూర్చోమన్నాడు. కూర్చుంటే బొబ్బలెక్కాయి. బొబ్బలు మానాక మచ్చ ఇంకాస్త పెద్దదైంది. ఇంకొకాయన, పాలూ చేపలూ కలిపి తిన్నావా అని అడిగాడు. మాది శెట్ల ఇల్లు. చేప అన్న మాట వింటేనే మా అవ్వ చెవులు మూసుకునేది.

మా నాయనకు చింతామణిలో బెల్లం, చింతపండు అంగడి ఉండేది. మావాళ్ళ ఇళ్ళలో నా ఈడు పిల్లలందరికీ పెళ్ళిళ్ళయిపోతున్నాయి. నన్ను చూసుకోవడానికి వచ్చినవాళ్ళు మంచినీళ్ళు తాగి, నా చేతులు చూసి, వాన వచ్చేట్టుందనో, పొద్దుపోయిందనో చెప్పి లేచిపోయేవాళ్ళు. మళ్ళీ కబురు వచ్చేది కాదు. ఇంట్లో ఊరికే కూర్చోబెట్టడం ఎందుకని మా నాయన నన్ను బడి మాన్పించలేదు. అలా మగపిల్లల హైస్కూల్లో ఒక పక్కగా వేసిన బల్ల మీద ఒక్కదాన్నే కూర్చుని ఆఖరి పరీక్ష దాకా చదివాను. నా చదువు ఆ మచ్చ పెట్టిన భిక్షే.

చిక్కబళ్ళాపురంలో ఒక మిషను కాలేజీ ఉండేది. ఆడపిల్లలకు టీచరు చదువు చెప్పేవాళ్ళు. వాళ్ళ హాస్టలుకు మా నాయన బెల్లం వేసేవాడు. ఒకరోజు అక్కడినుంచి వచ్చి భోజనానికి కూర్చుని, అన్నం కలుపుతూ అన్నాడు.

"సైన్సు చెప్పే ఆడోళ్ళు ఈ పక్క యాడా దొరకరంట. ఆ కాలేజీ పెద్ద దొరసాని చెప్తాండాది. మన పాపను పంపిస్తే రెండేండ్లు చదివించి ఉద్యోగం చూపిస్తారంట."

గోడకు ఆనుకుని కూర్చున్న మా అవ్వ, "కిరస్తానంలో కలిపేస్తార్రా," అంది.

"పాప చేతులు చూసి మనోళ్ళే దూరం జరిగి కూచుంటాండారు. వాళ్ళు కలుపుకుంటామంటే నాకేం బాధమ్మా?" అన్నాడు మా నాయన.

ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. మా అమ్మ మాత్రం నాకోసం ఊరగాయ జాడీలు సర్దడం మొదలుపెట్టింది.

చింతామణి నుంచి చిక్కబళ్ళాపురానికి చిన్న రైలు పోయేది. ఎంత నిదానంగా పోయేదంటే, దిగి సీతాఫలాలు కోసుకుని మళ్ళీ అదే పెట్టె ఎక్కొచ్చని అందరూ నవ్వుకునేవాళ్ళు. నన్ను కాలేజీలో చేర్చడానికి మా నాయన తీసుకెళ్ళిన రోజు మా ఇద్దరికీ నవ్వు రాలేదు. ఎదుటి బల్ల మీద కూర్చున్నావిడ నా చేతులు చూసి తన బిడ్డను ఒళ్ళోకి లాక్కుంది. మా నాయన తన పైగుడ్డ తీసి, చలిగా ఉంటుంది కప్పుకో అన్నట్టు నా చేతుల మీద వేశాడు. బయట ఎండ మండిపోతోంది.

కాలేజీ అంటే పెద్దదేమీ కాదు. పెంకులు కప్పిన పొడుగాటి కట్టడం, ప్రార్థన చేసుకునే హాలు, వెనక హాస్టలు, ఒక బావి. దూరాన నందికొండ. చదివే పిల్లలు ముప్పై మందికి మించరు. నేను తప్ప అందరూ క్రైస్తవులే. కొందరు కన్నడం మాట్లాడేవాళ్ళు, బంగారు గనుల వైపునుంచి వచ్చినవాళ్ళు అరవం మాట్లాడేవాళ్ళు. వాళ్ళంతా చిన్న తరగతులకు చెప్పే చదువుకు చేరారు. సైన్సు విభాగం ఆ ఏడే తెరిచారు. అందులో చేరతామన్న మిగతా ఇద్దరిలో ఒకమ్మాయికి పెళ్ళి కుదిరింది, ఇంకొకమ్మాయి నర్సు పనికి పోయింది. ఆ తరగతికి నేనొక్కదాన్నే మిగిలాను.

హాస్టల్లో మంచాలు వరసగా ఉండేవి. మొదటి సాయంత్రమే నా పక్కమ్మాయి పరుపు చుట్టుకుని అవతలి గోడ దగ్గరికి పోయింది. మర్నాడు ఇటు పక్కమ్మాయి. వాళ్ళు నన్ను తిట్టలేదు, వెక్కిరించలేదు. దూరంగా కూర్చుని నెమ్మదిగా ప్రార్థన చేసుకునేవాళ్ళు. అది నాకోసమో వాళ్ళకోసమో తెలిసేది కాదు. నేను ముట్టిన చెంబు ఇంకెవరూ ముట్టేవాళ్ళు కారు. వారం తిరక్కముందే వార్డెనమ్మ నన్ను పక్కకు పిలిచి కన్నడంలో అడిగింది, ఇది కుష్ఠు కాదు కదా అని. కాదన్నాను. నీకెలా తెలుసు అంది. ఆ భయం నా లోపలా ఉండేది.

ఈ సంగతి మా సైన్సు టీచరమ్మ చెవిన పడింది. ఆవిడ నెల్లూరి వైపు మనిషి, క్రైస్తవురాలు. నలభై దాటాయి, పెళ్ళి చేసుకోలేదు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. నడిస్తే వెనకాల నేను పరిగెత్తాల్సిందే. ఆవిడ ఆ మధ్యాహ్నమే నన్ను వెంటబెట్టుకుని మిషను ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడి డాక్టరు దొరసాని ఇంగ్లీషులో చెబుతుంటే, టీచరమ్మ నాకు తెలుగులో చెప్పారు.

"కళ్ళు మూసుకో. ఎక్కడ తాకినట్టనిపిస్తే అక్కడ అని చెప్పు."

డాక్టరు చేతిలో ఒక కోడి ఈక ఉండటం కళ్ళు మూసుకునేముందు చూశాను. తర్వాత, టీచరమ్మ నా చేతులు పట్టుకుని ఉండగా, అది వాటి మీద తిరగడం మొదలైంది. "బొటనవేలు," అన్నాను. "మణికట్టు." "చూపుడు వేలి పక్కన." "పెదవి కింద." మందు రాయడానికి కాకుండా ఎవరైనా నా చేతిని పట్టుకుని ఎన్నేళ్ళయిందో. ఆ ఈక ఇంకాసేపు తిరిగితే బాగుండుననిపించింది. ఆ తర్వాత గుండుసూదితో అలాగే చేశారు.

"కుష్ఠయితే మచ్చ మీద స్పర్శ ఉండదు. నీకు అన్నిచోట్లా తెలుస్తోంది," అన్నారు టీచరమ్మ. "ఇది అది కాదు. అంటుకునేదీ కాదు."

తిరిగి వస్తూ దారిలో అడిగాను. "మరి రంగు మళ్ళీ వస్తుందా టీచరమ్మా?"

"తెలీదు."

"ఎందుకిలా అయింది?"

"అదీ తెలీదమ్మాయ్. నాకే కాదు, ఆ డాక్టరమ్మకీ తెలీదు. అంటుకోదని మాత్రం తెలుసు. తెలిసినంతవరకు గట్టిగా పట్టుకో."

అంతవరకు నన్ను చూసినవాళ్ళందరికీ కారణం తెలుసు. పూర్వజన్మ పాపమని ఒకరు, పామును కొట్టిన దోషమని ఒకరు, మా అమ్మ కడుపుతో ఉండగా ఏదో తిన్నదని ఒకరు. తెలీదు అన్న మనిషిని మొదటిసారి చూశాను. ఆ మాట విని ఎందుకో మనసు తేలికైంది.

మర్నాడు ప్రార్థన అయ్యాక పెద్ద దొరసాని అందరికీ డాక్టరు చెప్పింది చెప్పారు. పిల్లలు తలలూపారు. భయం పోయింది గాని అలవాటు పోలేదు. మంచాలు మళ్ళీ దగ్గరికి రాలేదు. కొన్నాళ్ళు చూసి పెద్ద దొరసాని, సైన్సు గదిని ఆనుకుని ఉన్న చిన్న గది ఖాళీ చేయించి నాకిచ్చారు. విరిగిన బల్లలు పెట్టుకునే గది అది. నాకు మేలు చేస్తున్నామనే ఆవిడ అనుకున్నారు. మేలే అయింది కూడా, చదువుకోవడానికి. నా వంట నేనే వెనక వసారాలో కుంపటి మీద చేసుకునేదాన్ని. సాయంత్రాలు హాస్టలు వైపునుంచి పాటలు వినిపించేవి. పాట మధ్యలో ఎవరో తప్పు పాడితే నవ్వు వినిపించేది. ఎవరు తప్పారో, ఎందుకు నవ్వారో నాకు తెలిసేది కాదు.

తరగతిలో ఒక్కదాన్నే కాబట్టి, టీచరమ్మ ప్రశ్న అడిగితే జవాబు నేనే చెప్పాలి. తప్పించుకునే దారి లేదు. ఆవిడకు పుస్తకం అప్పజెప్పడం అంటే గిట్టేది కాదు. "రేపు నువ్వు చెప్పబోయే పల్లెబడిలో ఈ గాజు సామానేమీ ఉండదు. కుండ, ముంత, దీపం, దారం, ఇవే ఉంటాయి. వీటితో చూపించు," అనేవారు. ఒకరోజు కప్పను కోసి గుండె చూపించారు. ఆ చిన్న గుండె కొట్టుకుంటూనే ఉండటం చూసి కళ్ళు తిప్పుకోలేకపోయాను.

మా నాయన బెల్లం వేయడానికి వచ్చినప్పుడల్లా నన్ను చూసిపోయేవాడు. వసారాలో నిలబడి, తలగుడ్డ తీసి మళ్ళీ చుట్టుకుంటూ, "అంతా బాగుండాదా?" అనేవాడు.

"బాగుండాది నాయనా."

"ఏం చదువుతాండావు?"

ఒకసారి కప్ప గుండె గురించి చెప్పాను. ఆయన చాలాసేపు నందికొండ వైపు చూసి, "ఇట్లాంటివి మీ అమ్మకు చెప్పొద్దు పాపా," అన్నాడు. చెప్పలేదు.

ఆ ఏడు ఎండాకాలం మొదట్లో టీచరమ్మ నాకొకటి చూపించారు. సైన్సు గది తలుపులు, కిటికీలు అన్నీ మూసి, సందులకు నల్లగుడ్డ కట్టారు. వీధి వైపు కిటికీ చెక్కలో చిన్న బెజ్జం ఉంది. గదంతా చీకటి. కాసేపటికి ఎదుటి సున్నం గోడ మీద బయటి వీధి పడింది, తలకిందులుగా. కిందకు వేలాడే చెట్లు, దూరాన కొండ, వాటి కింద ఆకాశం. రంగులతో సహా కనిపించింది. ఎద్దులబండి ఒకటి చక్రాలు పైకి పెట్టుకుని పోయింది. వెలుతురు తిన్నగా పోతుందని, పైనున్నది బెజ్జంలోంచి కిందికి, కిందనున్నది పైకి పడుతుందని ఆవిడ బొమ్మ గీసి చెప్పారు. పాఠం నాకు ఒక్కసారికే అర్థమైంది.

కాని ఆ తర్వాత కూడా, మధ్యాహ్నాలు ఎవరూ లేనప్పుడు, నేను ఆ తలుపులు మూసుకుని కూర్చునేదాన్ని. వీధిలో పోయే మనుషులు నా గోడ మీద నడిచేవాళ్ళు. సంతకు పోయే ఆడవాళ్ళు తట్టలతో పోయేవాళ్ళు. ఇద్దరు స్నేహితురాళ్ళు చేతులు పట్టుకుని పోయేవాళ్ళు. వాళ్ళలో ఎవరికీ నేను కనిపించను. నన్ను చూసి ఎవరూ పక్కకు జరగరు. ఎంతసేపైనా చూడొచ్చు. ఒకరోజు టీచరమ్మ తలుపు తోసుకుని వచ్చి వెలుతురు మీద పడటంతో గోడ మామూలు గోడైపోయింది. ఆవిడకు నేనేం చేస్తున్నానో అర్థమైందనుకుంటాను. కోప్పడలేదు. "బయటికి రా, కొండ మామూలుగా ఎలా ఉందో చూద్దాం," అని నన్ను ఊరి చివరిదాకా నడిపించారు.

రెండో ఏడు వానలు తగ్గాక ఆవిడకు దగ్గు పట్టుకుంది. మొదట సుద్దపొడి వల్ల అన్నారు. తర్వాత పాఠం మధ్యలో కుర్చీ పట్టుకుని నిలబడిపోవడం మొదలైంది. ఒకరోజు రుమాలు చూసుకుని గబుక్కున మడిచేశారు. ఆసుపత్రిలో చూసి క్షయ అన్నారు. క్షయ ఆసుపత్రిలో మంచం ఖాళీ అయ్యేదాకా ఆవిడను కాంపౌండు చివరనున్న చిన్న ఇంట్లో ఉంచారు. అన్నం గిన్నె గడప దగ్గర పెట్టి వచ్చేవాళ్ళు.

ఆ మాట విన్న సాయంత్రం నేను నేరుగా ఆ ఇంటికి పోయాను. గడప దాటబోతుంటే లోపలినుంచి గట్టిగా అన్నారు.

"అక్కడే నిలబడు."

"నాకేం కాదు టీచరమ్మా."

"ఎలా తెలుసు?"

ఆవిడ మెల్లగా లేచి వసారాలో కుర్చీలో కూర్చున్నారు. "చూడమ్మాయ్, నీది అంటుకోదు. నాది అంటుకుంటుంది. నిన్ను చూసి జనం జరిగిపోవడం వాళ్ళ తెలివితక్కువ. నన్ను చూసి నువ్వు జరగడం తెలివి. ఆ రెంటికీ తేడా తెలియకపోతే నేను నీకు చెప్పిందేమిటి?"

నాకు ఏడుపొచ్చింది. లోకంలో నా చేతిని భయపడకుండా పట్టుకున్న ఒక్క మనిషి దగ్గరికి నేను పోకూడదు. అది న్యాయమే, నాకు అర్థమైంది కూడా. అర్థమైనందువల్ల బాధ తగ్గలేదు.

ఆ రోజునుంచి పాఠాలు అక్కడే జరిగాయి. ఆవిడ వసారాలో కుర్చీలో, నేను వాకిట్లో దూరంగా పీట మీద. ముందు గాలి ఎటు వీస్తోందో చూసి నా పీట ఎక్కడ వేయాలో చెప్పేవారు. గట్టిగా మాట్లాడితే దగ్గొస్తుంది కాబట్టి, పలక మీద పెద్ద అక్షరాలతో ప్రశ్న రాసి ఎత్తి చూపించేవారు. నేను ఇక్కడినుంచి అరిచి జవాబు చెప్పేదాన్ని. తప్పయితే పలక తుడిచి మళ్ళీ అదే ప్రశ్న రాసేవారు. నీళ్ళకు పోయే అమ్మాయిలు ఆగి మమ్మల్ని చూసేవాళ్ళు. ఒకమ్మాయి, నా పక్క మంచం మీదనుంచి మొదట లేచిపోయిన పిల్లే, ఒకరోజు నా దగ్గరికి వచ్చి, టీచరమ్మ ఎలా ఉన్నారని అడిగింది. నాతో తనకై తాను మాట్లాడటం అదే మొదలు. చెప్పాను. ఇద్దరం కాసేపు ఊరికే నిలబడ్డాం. తర్వాత వాళ్ళు పిలిస్తే వెళ్ళిపోయింది.

క్రిస్మసుకు ముందు మంచం ఖాళీ అయిందని కబురొచ్చింది. ఆసుపత్రి మోటారు వాకిట్లోకి వచ్చింది. అందరూ దూరంగా వరసగా నిలబడ్డారు. నేను కొంచెం ఎడంగా నిలబడ్డాను. ఆవిడ మోటారెక్కేముందు నావైపు తిరిగారు.

"బళ్ళో నిలబడ్డప్పుడు చేతులు కొంగు కింద దాచుకోకు. బోర్డు మీద రాసేటప్పుడు ఎలాగూ కనిపిస్తాయి," అన్నారు.

ఇంకేమైనా అంటారేమో అని చూశాను. దగ్గొచ్చింది. తలుపు మూశారు.

మామిడిపూత రోజుల్లో ఒక పొద్దున ప్రార్థనలో ఆవిడ చనిపోయారని చెప్పారు. అందరూ తలలు వంచుకుని ఏడుస్తున్నారు. పక్కవాళ్ళ భుజాల మీద తలలు పెట్టుకున్నారు. నేను ఎప్పటిలాగే చివరి బల్ల మీద ఉన్నాను. వాళ్ళు చేసే ప్రార్థన నాకు రాదు, మా ఇంట్లో చేసేది అక్కడ చేయలేను. లేచి సైన్సు గదికి పోయి గాజుబుడ్లన్నీ దించి కడిగాను. అవి శుభ్రంగానే ఉన్నాయి. అయినా కడిగి, బోర్లించి, ఆరేదాకా కూర్చున్నాను. నా గదికి పోతే ఎవరితోనైనా చెప్పాలనిపిస్తుంది, చెప్పడానికి ఎవరూ ఉండరు.

చదువు చివర కొన్నాళ్ళు ఏదైనా బళ్ళో పాఠాలు చెప్పాలి. ఆఖరున ఇన్‌స్పెక్టరు వచ్చి ఒక పాఠం విని ప్యాసో ఫెయిలో తేలుస్తాడు. నన్ను బాగేపల్లి బడికి పంపారు. మావైపు ఊళ్ళన్నీ కన్నడ రాజుల సంస్థానంలోవి కాబట్టి బళ్ళలో పాఠాలు కన్నడంలో చెప్పాలి. బాగేపల్లి పిల్లల నోటికి వచ్చేది తెలుగు. నేను తరగతిలోకి అడుగుపెట్టేసరికి ముందు బల్లలు ఖాళీగా ఉన్నాయి. పిల్లలంతా వెనక బల్లల మీద ఒకరి మీద ఒకరు ఇరుక్కుని కూర్చున్నారు. నా చేతులు వాటంతట అవే కొంగు కిందికి పోతుంటే బయటికి లాక్కుని సుద్దముక్క తీసుకున్నాను.

మూడో రోజో నాలుగో రోజో, ఒక నల్లటి సన్నపిల్ల లేచి నిలబడింది.

"టీచరమ్మా, మీ చేతులు యాల తెల్లగుండాయి?"

చేతిలోని సుద్దముక్క బల్ల మీద పెట్టాను.

"రంగు పోయింది."

"యాల పోయింది?"

"తెలీదు. ఎవరికీ తెలీదు."

"డాక్టరుకి కూడానా?"

"డాక్టరుకి కూడా. అంటుకోదని మాత్రం తెలుసు."

ఆ పిల్ల "అట్లనా," అని కూర్చుంది. ముందు బల్లకు మాత్రం రాలేదు.

ఆ వారమే హెడ్మాస్టరు నన్ను పిలిచారు. మంచి మనిషి, గొడవలంటే భయం. "పిల్లోళ్ళ అమ్మలు వచ్చి గలాటా చేస్తాండారమ్మా. కొన్నాళ్ళు చేతులకు గుడ్డ చుట్టుకోని చెప్పండి," అన్నారు.

"గుడ్డ చుట్టుకుంటే గాజుగ్లాసు జారిపోతుంది సార్. ఇన్‌స్పెక్టరు ముందర జారిపోతే ఎలా?"

ఆయన నా చేతుల వైపు ఒకసారి, కిటికీ వైపు ఒకసారి చూశారు. "పోనీండమ్మా. వాళ్ళకు నేను చెప్పుకుంటా," అన్నారు.

ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు నా పాఠం గాలి. గాలి కంటికి కనిపించకపోయినా చోటు తీసుకుంటుందని చూపించాలి. బల్ల మీద నీళ్ళతొట్టి పెట్టాను. గ్లాసు అడుగున కాగితం ఉండలా చుట్టి కుక్కాను. గ్లాసు బోర్లించి నీళ్ళలో పూర్తిగా ముంచితే కాగితం తడుస్తుందా తడవదా అని కన్నడంలో అడిగాను. ఎవరూ పలకలేదు. ఇన్‌స్పెక్టరు వెనక కుర్చీలో ఏదో రాసుకుంటున్నారు. రెండోసారి అడగబోతూ తెలియకుండానే తెలుగులోకి పోయాను. "ఈ కాగితం తడుస్తాదా, తడవదా? చెప్పండి."

"తడుస్తాది," అని తరగతంతా అరిచింది.

ముంచాను. తీశాను. కాగితం తీసి విప్పితే పొడిగా ఉంది. వెనక బల్లల్లోనుంచి ఒకడు, "ఈయమ్మ ఏందో చేసింది," అన్నాడు. "అయితే నువ్వొచ్చి చెయ్యి," అన్నాను. వాడు వచ్చాడు. వాడి వెనక ఇంకొకడు. చూస్తుండగానే తొట్టి చుట్టూ పిల్లలు మూగారు. ఒకళ్ళ చేతుల మీద ఒకళ్ళ చేతులు, నీళ్ళలో వాళ్ళ చేతులు, నా చేతులు. గ్లాసు కొంచెం వంచితే బుడగ పైకొచ్చింది. అదే గాలి అని నేను చెప్పకముందే ఆ సన్నపిల్ల చెప్పింది.

పాఠం అయ్యాక ఇన్‌స్పెక్టరు కన్నడంలో అడిగారు, తెలుగులో ఎందుకు చెప్పారని. పిల్లలు తెలుగులో ఆలోచిస్తున్నారండి అన్నాను. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. పరీక్ష ఫలితాల్లో నా పేరు ఉంది.

ఆ బళ్ళోనే ఉద్యోగమూ వచ్చింది. గానుగ నడిపేవాళ్ళు తమ ఇంటి వెనక రెండు గదులు అద్దెకిచ్చారు. గానుగామె పొద్దున్నే పాలచెంబు గడప మీద పెట్టి, "అమ్మా, పాలు," అని కేక వేసి పోయేది. నేను తలుపు తీసేసరికి ఆవిడ వీపు కనిపించేది. బళ్ళో ఉన్నంతసేపు పిల్లలు. ఇంటికొచ్చి తలుపు మూసుకుంటే నేను. ఏళ్ళు అలాగే గడిచాయి.

నాకంటే బాగా చిన్నదైన మా చెల్లెలికి సంబంధం వచ్చినప్పుడు రమ్మని మా నాయన కబురు పెట్టాడు. చీర, పూలు కొనుక్కుని చింతామణికి పోయాను. మర్నాడు పెళ్ళివారు వస్తారనగా మా అమ్మ నా జడ అల్లుతూ అంది.

"వాళ్ళు వచ్చిపోయేదాకా కొట్టుగదిలో ఉండు పాపా. తప్పుగా అనుకోవద్దు. నిన్ను చూస్తే చెల్లెలికి కూడా వస్తాదేమో అంటారు."

అంటుకోదమ్మా అని చెప్పడానికి నోరు తెరిచాను. చెప్పినా వినాల్సింది ఆవిడ కాదు, ఆ వచ్చేవాళ్ళు. వాకిట్లో మా నాయన తలగుడ్డ తీసి చుట్టుకుంటూ నిలబడ్డాడు.

"నేను బాగేపల్లికి పోతానమ్మా. రేపు బడి ఉండాది," అన్నాను. రేపు ఆదివారం. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు. మా చెల్లెలు వీధి మలుపుదాకా వచ్చి, నా చేతులు రెండూ పట్టుకుని వదిలింది.

యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బస్సుల వెనక బొగ్గుపొయ్యిలు బిగించి నడిపేవాళ్ళు. ఎత్తు వచ్చినప్పుడల్లా మేం దిగి నడిచాం. బాగేపల్లిలో దిగేసరికి పొద్దు వాలుతోంది. బస్సు దగ్గర మా ఆరో తరగతి పిల్ల ఒకతె, చేతిలో ఖాళీ నూనెగిన్నె పట్టుకుని, పొయ్యి వైపు తదేకంగా చూస్తోంది. నన్ను చూసి పక్కన నడవడం మొదలుపెట్టింది.

"టీచరమ్మా, బొగ్గు పెట్టి బస్సు ఎట్ల నడుపుతాండారు?"

"బొగ్గును గాలి సరిగా ఆడకుండా కాలిస్తే ఒకరకం గాలి వస్తుంది. అది పెట్రోలులాగే మండుతుంది. దాన్ని ఇంజనులోకి పంపిస్తారు."

"పొగ మండుతాదా?"

"కొన్ని పొగలు మండుతాయి."

"మా ఇంట్లో పొయ్యి పొగ మండదే. అమ్మ ఊదీ ఊదీ దగ్గుతాది."

"ఆ పొగ గదంతా పరుచుకుని పలచబడిపోతుంది. మూత వేసి, చిన్న బెజ్జంలోంచి ఒక్కచోటే రానిస్తే మండుతుంది."

ఆ పిల్ల నమ్మలేదు. నమ్మలేదని మొహం మీదే కనిపిస్తోంది. "చూపిస్తారా?" అంది.

"సోమవారం చూపిస్తాను."

మా వాకిలి దాకా వచ్చి, నూనె సంగతి గుర్తొచ్చి గానుగ వైపు పరిగెత్తింది. నేను తాళం తీసి దీపం వెలిగించి, మూత గట్టిగా పట్టే రేకుడబ్బా కోసం వెతికాను. ఒకటే దొరికింది, దాంట్లో మెంతులున్నాయి. మెంతులు గిన్నెలోకి ఒంపి, డబ్బా మూతకు మేకుతో బెజ్జం కొట్టి, కుంపటి పక్కన పెట్టిన చితుకుల్లోంచి సన్నవి ఏరి డబ్బాలో వేశాను.